అమ్మ నడుముకు ఎంఆర్‌ఐ తీయించాం, ఎముక బలం దాంట్లోనే తెలిసిపోతుందా? (స్క్రూలు వెయ్యాలంటున్నారు)

పాకాల_ప్రసాద్ | జూన్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. అమ్మకు 63 ఏళ్ళు. రెండు ఆవులు, కాస్త మామిడి తోట. ఏడాదిగా నడుం నొప్పి. పది నిమిషాలు నడిస్తే కాళ్ళు రెండూ బరువెక్కి కూలబడిపోతోంది, ముందుకు వంగి కూర్చుంటే సర్దుకుంటోంది. తిరుపతిలో ఎంఆర్‌ఐ తీయించాం. ఎల్4 పూస (నడుము పూసల్లో నాలుగోది) ఎల్5 మీద కొంచెం ముందుకు జారిందట, నరాల దారి ఇరుకైందట.

మొదట చూపించిన చోట "వచ్చే వారమే ఆపరేషన్, నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు" అని అడ్వాన్సు కట్టమన్నారు. నాకు ధైర్యం చాల్లేదు. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఫిల్ములు లైటు మీద పెట్టి చూసి, "స్క్రూల సంగతి తర్వాత. ముందు ఈ ఎముక స్క్రూను పట్టుకుంటుందో లేదో చూడాలి" అని డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) రాశారు.

ఇంత డబ్బు పోసి ఎంఆర్‌ఐ తీయించాక మళ్ళీ ఇంకో స్కాన్ ఎందుకు? ఎంఆర్‌ఐ నుంచే ఎముక నాణ్యత లెక్కగట్టే స్కోరు ఒకటుందని మా కంపెనీలో ఒకాయన చెప్పాడు. నిజమేనా? మా రిపోర్టులో డిస్కుల గురించి పేజీన్నర రాశారు, ఎముక గురించి ఒక్క ముక్క లేదు.

కొర్లగుంట_కుర్రోడు | జూన్ 11, రాత్రి 10:02

ఉంది అన్నా. వీబీక్యూ అంటారు. ఎంఆర్‌ఐ ఉంటే డెక్సా అవసరమే లేదు. ఇంకో టెస్టు రాస్తే వాళ్ళకేం పోయింది.

స్కాన్‌రూమ్_సీను | జూన్ 11, రాత్రి 11:15

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. తిరుపతిలోనే పన్నెండేళ్ళుగా ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. కుర్రోడు చెప్పిన పేరు కరెక్టే, మిగతాది కాదు.

ముందు ఒక సంగతి. ఎంఆర్‌ఐ అసలు ఎముకను చూడదు. గట్టి ఎముకలో సిగ్నల్ ఇచ్చే నీరు, కొవ్వు చాలా తక్కువ కాబట్టి అది నల్లగానే ఉంటుంది. మనకు కనిపించేది పూస లోపల జల్లెడ లాంటి గూళ్ళలో ఉన్న మజ్జ. వయసు మీద పడి ఆ గూళ్ళ గోడలు పలచబడితే, ఖాళీ అయిన చోట కొవ్వు కాపురం పెడుతుంది. టీ1 అనే రకం బొమ్మలో కొవ్వు తెల్లగా, నీరు నల్లగా వస్తాయి. కాబట్టి పూస ఎంత తెల్లబడితే లోపల అంత కొవ్వు, అంటే ఎముక అంత డొల్ల అని అంచనా. ఆ డాక్టరుగారు ఫిల్ము చూసి అనుమానపడింది బహుశా అందుకే.

తెలుపును కంటితో చూసి చెబితే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. అందుకే లెక్క. నిలువు బొమ్మల్లో సరిగ్గా మధ్య ముక్క తీసుకుని ఎల్1, ఎల్2, ఎల్3, ఎల్4 పూసల లోపల గీత గీసి సిగ్నల్ ఎంతో కొలుస్తాం. ఆ నాలుగింటి మధ్యస్థాన్ని ఎల్3 వెనకాల ఉన్న వెన్నుద్రవం సిగ్నల్‌తో భాగిస్తాం. వచ్చిందే వీబీక్యూ. 2019-20 ప్రాంతంలో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ సర్జన్ల బృందం దీన్ని ముందుకు తెచ్చింది. స్కోరు ఎక్కువైతే ఎముక బలహీనం. డెక్సాకు ఇది తలకిందులు, గుర్తుంచుకోండి.

రిటైర్డ్_మాస్టారు | జూన్ 12, ఉదయం 6:20

సీనూ, బాగా చెప్పావు నాయనా. వెన్నుద్రవంతో భాగించడం దేనికి? లెక్కల మాస్టారుగా పని చేశాను, ఊరికే భాగిస్తే ఒప్పుకోను.

స్కాన్‌రూమ్_సీను | జూన్ 12, ఉదయం 7:05

మాస్టారూ, సీటీలో అంకెకు ఒక స్థిరమైన అర్థం ఉంది. నీరు ఎక్కడ తీసినా సున్నా, గాలి మైనస్ 1,000. ఎంఆర్‌ఐలో అట్లా కాదు. ఒకే మనిషిని పొద్దున ఒక మెషీన్‌లో, సాయంత్రం ఇంకో మెషీన్‌లో తీస్తే ఒకచోట 300 వస్తుంది, ఇంకోచోట 900 వస్తుంది. అందుకని అదే బొమ్మలో పెద్దగా మారని దాన్ని కొలబద్దగా పెట్టుకుంటారు. అదే వెన్నుద్రవం. అయినా 1.5 టెస్లా (అయస్కాంత బలం) మెషీన్ స్కోరునూ 3 టెస్లా స్కోరునూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. స్కోరు ఎంత దాటితే ఎముక బలహీనమనే గీత ఎక్కడ గియ్యాలన్నదీ అధ్యయనానికో రకంగా ఉంది, చాలావాటిలో 3కు అటూ ఇటూ. అందుకే మామూలు రిపోర్టుల్లో ఇది రాయరు. ప్రసాద్ అన్నా, రిపోర్టు రాసినాయన్ని దానికి తప్పు పట్టొద్దు.

కొర్లగుంట_కుర్రోడు | జూన్ 12, ఉదయం 10:48

మా నాయనమ్మ ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి ఒక యాప్‌లో కొలిచాను. 4.1 వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

స్కాన్‌రూమ్_సీను | జూన్ 12, ఉదయం 11:30

తమ్ముడూ, ఫిల్ము ప్రింటు తీసేటప్పుడు బ్రైట్‌నెస్ మేమే తిప్పుతాం. దాన్ని లైటు మీద పెట్టి ఫోన్‌తో తీస్తే నువ్వు కొలిచింది ట్యూబ్‌లైటును. స్కాన్ సెంటర్లో సీడీ అడుగు, డైకామ్ ఫైళ్ళు (మెషీన్ ఇచ్చిన అసలు బొమ్మలు) అందులో ఉంటాయి. కొలత వాటి మీదే.

కొర్లగుంట_కుర్రోడు | జూన్ 12, ఉదయం 11:34

😅 నాయనమ్మకు ఇంకా చెప్పలేదులే.

భానుఅక్క_చిత్తూరు | జూన్ 12, మధ్యాహ్నం 2:10

ప్రసాద్ నాయనా, డబ్బుల లెక్క చూసుకుని డెక్సా మానేయొద్దు. నాకు 67. నాలుగేళ్ళ కిందట బిందె ఎత్తబోతే నడుములో పటుక్కుమంది. పట్టేసిందనుకుని నెల రోజులు జండూబామ్‌తో సరిపెట్టాను. చివరికి మావాడు వేలూరు తీసుకెళ్ళాడు, చిత్తూరు నుంచి గంట ప్రయాణమేగా. ఎల్1 పూస ముందువైపు నలిగి మెట్టులాగా అయిందన్నారు. ఎంఆర్‌ఐలో అది కొత్తగా విరిగిందా పాతదా కూడా చెప్పారు. కొవ్వును అణిచేసి తీసే బొమ్మ ఒకటుంటుందట, కొత్తగా విరిగితే నీరు పట్టి అందులో మెరుస్తుందట.

బిందె ఎత్తితే విరిగే ఎముక అంతకు పదేళ్ళ ముందు నుంచే గుల్ల అవుతూ ఉంటుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. చెదలు పట్టిన దూలం బయటికి బాగానే కనిపిస్తుంది కదా, అట్లాంటిదే.

డా_ఎముకలు | జూన్ 12, రాత్రి 10:30

ఎముకల విభాగంలో పీజీ చేస్తున్నాను, తిరుపతిలోనే. ఇక్కడ చెప్పేది వైద్య సలహా కాదు, మీ డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు పనికొచ్చే మాటలు.

డెక్సా ఎందుకంటే, ఆస్టియోపొరోసిస్ (ఎముక గుల్లబారడం) అని పేరు పెట్టడానికీ మందు మొదలుపెట్టడానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీతలే ఇప్పటికీ: టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చిన అంకె) మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 2.5 లేదా అంతకంటే కిందకుంటే ఆస్టియోపొరోసిస్, మధ్యలో ఉంటే ఎముక పలచబడుతోందని. వీబీక్యూకు ఆ హోదా లేదు. డెక్సాతో దాని సంబంధం కూడా ఓ మాదిరిదే. అది గంట కొడుతుంది, తీర్పు చెప్పదు.

అయితే డెక్సాకూ ఒక గుడ్డితనం ఉంది. అది వెనక నుంచి ముందుకు కిరణం పంపి, దారిలో తగిలిన సున్నం మొత్తాన్ని ఒకే లెక్కలో వేస్తుంది. అరిగిన నడుములో పూసల అంచుల్లో ముళ్ళలా ఎముక పెరుగుతుంది, వెనక కీళ్ళు గట్టిపడతాయి, ముందున్న పెద్ద రక్తనాళంలో సున్నం పేరుకుంటుంది. ఇవన్నీ పూస ఖాతాలో పడి, లోపల గుల్లగా ఉన్నా స్కోరు బాగా వస్తుంది. ప్రసాద్ గారి అమ్మగారిలా పూస జారి, అరిగిపోయిన వాళ్ళలో ఇది మరీ ఎక్కువ. నడుము ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళంతా దాదాపు ఇలాంటివాళ్ళే. సర్జన్లు ఎంఆర్‌ఐ వైపు చూడటానికి కారణం అదే. ఎలాగూ ఆపరేషన్ ముందు తీస్తారు, అదనపు ఖర్చు లేదు, రేడియేషన్ లేదు.

డెక్సాలో తుంటి కూడా తీయించండి. నడుము ఒక్కటే తీయించుకుని రావద్దు.

కనిగిరి_అల్లుడు | జూన్ 13, ఉదయం 8:15

డాక్టరుగారి మాటకు మా అత్తగారి ఊరే సాక్ష్యం. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళ వెన్నుపూసలు ఎక్స్‌రేలో సుద్దముక్కల్లా తెల్లగా ఉంటాయి. సాంద్రత చూస్తే ఎక్కువే. మనిషి మాత్రం మెడ తిప్పలేడు, ఆ ఎముకేమో పెళుసు. ఎంత ఉందన్నది వేరు, ఎలా ఉందన్నది వేరు.

పాకాల_ప్రసాద్ | జూన్ 16, సాయంత్రం 6:50

డెక్సా అయింది. రెండు వేల లోపే అయింది, ఇన్నాళ్ళు దీనికా వెనకాడింది అనిపించింది. నడుము మైనస్ 1.6. తుంటి మెడ దగ్గర మైనస్ 2.8.

సీడీ కూడా తెచ్చాను. తెలిసిన రేడియాలజిస్టు ఒకాయన మన సీనన్న చెప్పిన పద్ధతిలోనే కొలిచిపెట్టారు. ఎల్1 296, ఎల్2 310, ఎల్3 304, ఎల్4 318. వెన్నుద్రవం 118. మధ్యస్థం 307, భాగిస్తే 2.6. మూడు లోపే కదా, అంటే వెన్ను బాగున్నట్టేనా? నడుం డెక్సా కూడా మరీ చెడ్డగా లేదు. తుంటి ఒక్కటే తేడా. అమ్మ అప్పుడే "నాకేం కాలేదురా, ఈసారి అలిపిరి నుంచి నడిచే పోతాను, మొక్కుంది" అంటోంది.

*(రిపోర్టు ఫొటో తొలగించాం. పేరు, ఐడీ నంబరు కనిపిస్తున్నాయి. చెరిపేసి మళ్ళీ పెట్టండి. – మోడరేటర్)*

భానుఅక్క_చిత్తూరు | జూన్ 16, రాత్రి 7:20

అలిపిరి 3,550 మెట్లు నాయనా. పది నిమిషాలకే కాళ్ళు బరువెక్కే మనిషి! శ్రీవారిమెట్టు దగ్గర దారని అటు తీసుకుపోయేవు, అదీ 2,388. బస్సులో పోయినా స్వామి దర్శనమిస్తాడని చెప్పు అమ్మకు.

డా_ఎముకలు | జూన్ 16, రాత్రి 11:05

మెట్ల సంగతి భానుగారే తేల్చేశారు. 2.6 చూసి మాత్రం సంబరపడకండి. తుంటి మైనస్ 2.8 వచ్చాక నడుము ఎంతున్నా అది ఆస్టియోపొరోసిసే, తక్కువ స్కోరు ఎక్కడుంటే దాన్ని బట్టే పేరు పెడతాం.

ఒకటి అడుగుతాను. అమ్మగారి హిమోగ్లోబిన్ ఎంత?

పాకాల_ప్రసాద్ | జూన్ 17, ఉదయం 6:05

8.1. ఆపరేషన్ ముందు టెస్టుల్లో వచ్చింది. దానికీ ఎముకకూ ఏం సంబంధం డాక్టర్ గారూ?

డా_ఎముకలు | జూన్ 17, మధ్యాహ్నం 1:40

ఈ కథంతా దాని చుట్టూనే ఉంది.

మజ్జ రెండు రకాలు. రక్తం తయారుచేసే ఎర్ర మజ్జ, కొవ్వుతో నిండిన పసుపు మజ్జ. వయసుతో ఎర్రది తగ్గి పసుపు పెరుగుతుంది. రక్తం బాగా తగ్గిపోతే ఒంటికి రక్తకణాలు కావాలి కనుక, మూతపడిన దుకాణాలు మళ్ళీ తెరిచినట్టు పసుపు మజ్జ తిరిగి ఎర్రబడుతుంది. ఎర్ర మజ్జలో నీరెక్కువ, కొవ్వు తక్కువ, టీ1లో నల్లగా వస్తుంది. దాంతో స్కోరు దిగిపోతుంది. ఎముక గోడలు మాత్రం ఎంత పలచగా ఉన్నవి అంతే.

అంటే ఆమె వెన్నులో డెక్సాను అరుగుదల మోసం చేసి ఉండొచ్చు, ఎంఆర్‌ఐని రక్తహీనత మోసం చేసి ఉండొచ్చు. రెండూ "పర్వాలేదు" వైపే మోసం చేశాయి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పొత్తికడుపు కింది భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో, చాలాకాలం స్టిరాయిడ్లు వాడినవాళ్ళలో మజ్జ కొవ్వెక్కి పూస తెల్లగా కనిపిస్తుంది. మన దగ్గర ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలుసు. బయటి దేశాల గీతలు తెచ్చి ఇక్కడ గుడ్డిగా పెడితే ఎక్కడ తేడా కొడుతుందో నేను వార్డులో రోజూ చూస్తుంటాను.

ఇంకోమాట, భయపెట్టడానికి కాదు. 63 ఏళ్ళు, నడుం నొప్పి, రక్తం తక్కువ, మజ్జ నల్లగా ఉంది అన్నప్పుడు మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్ లేదని తేల్చుకోవడం మా పద్ధతి. రక్తంలో ప్రొటీన్ల పరీక్ష ఒకటి చేస్తారు. మీ డాక్టరుగారిని అడగండి.

స్కాన్‌రూమ్_సీను | జూన్ 17, మధ్యాహ్నం 2:25

ప్రసాద్ అన్నా, టీ1లో పూసను పక్కనున్న డిస్కుతో పోల్చమని మా రేడియాలజిస్టు మేడమ్ కొత్తవాళ్ళకు మొదటిరోజే చెబుతుంది. పెద్దవాళ్ళలో పూస డిస్కు కంటే తెల్లగా ఉండాలి. డిస్కు కంటే నల్లగా ఉంటేనే గట్టిగా అనుమానించాలి. మీ బొమ్మ మీరు పెట్టిన కాసేపు చూశాను, పూస డిస్కు కంటే తెల్లగానే ఉంది. టెస్టు చేయించండి గానీ రాత్రి నిద్ర పాడుచేసుకోవద్దు.

రిటైర్డ్_మాస్టారు | జూన్ 17, సాయంత్రం 5:00

మూడో సాక్షి ఎవరూ లేరా డాక్టరూ? ఇద్దరు సాక్షులూ మాట మార్చేవాళ్ళే అయితే కేసు తేలేదెట్లా.

డా_ఎముకలు | జూన్ 17, రాత్రి 10:50

ఉన్నాడు మాస్టారూ, సీటీ. దాంట్లో ఎల్1 పూస లోపలి భాగంలో హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (నీరు సున్నా అని సీను చెప్పిన ఆ అంకెలు) చూస్తాం. అంచుల ముళ్ళను వదిలేసి మధ్యలో కొలుస్తాం కాబట్టి అరుగుదల బాధ తక్కువ. 160 దాటితే ఆస్టియోపొరోసిస్ ఉండకపోవచ్చు, 100 దాటకపోతే ఉండే అవకాశం చాలా ఎక్కువ. దీనికోసమే కొత్తగా సీటీ తీయించమనను, రేడియేషన్ ఉంది. కిడ్నీ రాళ్ళకో, కడుపునొప్పికో ఈమధ్య తీసిన సీటీ ఉంటే అందులో ఎల్1 ఎలాగూ ఉంటుంది.

పాకాల_ప్రసాద్ | జూన్ 17, రాత్రి 11:10

ఉంది! పోయిన ఏడాది ఎండాకాలం రాళ్ళ నొప్పికి తీయించాం. బీరువాలో వెతకాలి.

కొర్లగుంట_కుర్రోడు | జూన్ 18, ఉదయం 9:30

ఇంత ఎండ కాసే ఊళ్ళో జనం ఎముకలు ఇట్లా ఎందుకున్నాయి డాక్టర్ గారూ? విటమిన్ డి ఎండలోంచి వస్తుందంటారు, రేణిగుంట రోడ్డు మీద అరగంట నిలబడితే జన్మకు సరిపడా రావాలి.

డా_ఎముకలు | జూన్ 18, రాత్రి 9:45

మంచి ప్రశ్నే. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ఎండోక్రైనాలజీ (హార్మోన్ల విభాగం) వాళ్ళు 2007, 2008లో అచ్చేసిన అధ్యయనాలు సరిగ్గా దీని గురించే. చుట్టుపక్కల పల్లెల్లో, ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను చూస్తే రెండుచోట్లా విటమిన్ డి తక్కువే. పొలంలో పనిచేసే పల్లెవాళ్ళు ఊళ్ళోవాళ్ళ కంటే కొంచెం మెరుగు. దాంతోపాటు తిండిలో కాల్షియం చాలా తక్కువ, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ అని కూడా తేలింది.

భానుఅక్క_చిత్తూరు | జూన్ 18, రాత్రి 10:15

మనం తినేది రాగి సంగటి కదా, అందులో కాల్షియం బోలెడు అంటారే?

డా_ఎముకలు | జూన్ 18, రాత్రి 10:40

100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, గింజల్లో దానికి సాటి తక్కువ. ఫైటేట్ కూడా ఉంటుంది. మొలకెత్తించినా, పిండి పులియబెట్టి అంబలి కాచినా అది కొంత తగ్గుతుంది. రోజుకు మూడుపూటలా సంగటి తిన్న తరం వేరు, ఇప్పుడు వారానికి ఒకసారి హోటల్లో నాటుకోడితో తినే మనం వేరు.

ప్రసాద్ గారూ, అమ్మగారు పాలు తాగుతారా?

పాకాల_ప్రసాద్ | జూన్ 19, ఉదయం 5:50

రెండు ఆవుల పాలు పూటకు పదకొండు లీటర్లు. మొత్తం సెంటర్లో పోసి వస్తుంది. ఇంట్లో టీకి మాత్రం పావు లీటరు ఉంచుతుంది. ఆమె టీ కూడా డికాక్షనే. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పాకాల_ప్రసాద్ | జూన్ 27, రాత్రి 8:30

ఆలస్యానికి క్షమించండి, మామిడి కోత. ఒక్కొక్కటే చెబుతాను.

మైలోమా లేదు. ఐరన్ లోపమని తేలింది. చాలా ఏళ్ళుగా మొలలు ఉండి రక్తం పోతోందట, ఎవరికీ చెప్పలేదు. సీటీ సీడీ దొరికింది, ఎల్1 92. విటమిన్ డి 11, బాగా తక్కువ.

ఇవన్నీ పట్టుకుని ఆ రెండో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. వీబీక్యూ గురించి అడిగితే నవ్వి, "నేను ఫిల్ము చూసి అడిగించింది దానికోసం కాదమ్మా, ఎల్2 పైపలక కొంచెం లోపలికి కుంగినట్టుంది, అది చూసి" అన్నారు. ఆ కుంగుడు మొదటి రిపోర్టులో లేదు! ఎప్పుడో పాతగా విరిగిందే అని, ఎప్పుడు అయిందో అమ్మకే తెలియదని చెప్పారు. అమ్మను గుచ్చి గుచ్చి అడిగితే మూడేళ్ళ కింద పాలక్యాను ఎత్తుతూ పడితే "నాలుగు రోజులు పట్టేసింది" అంది.

ఆపరేషన్ వాయిదా. కాళ్ళలో బలం తగ్గలేదు, మూత్రం సమస్య లేదు కాబట్టి తొందర లేదన్నారు. అవి వస్తే ఆ రోజే రమ్మన్నారు. ముందు ఐరన్, విటమిన్ డి, కాల్షియం. తర్వాత టెరిపారటైడ్ అనే ఇంజెక్షన్, రోజుకు 20 మైక్రోగ్రాములు, పెన్నులాంటి దాంతో పొట్ట మీద ఇంట్లోనే వేసుకోవాలట. కొన్ని నెలలు వాడాక స్క్రూల సంగతి. ఇప్పుడే వేస్తే తడి గోడలో మేకు కొట్టినట్టే అన్నారు.

స్కాన్‌రూమ్_సీను | జూన్ 27, రాత్రి 9:10

ఎల్2 కుంగింది నాకూ కనిపించలేదు అన్నా, మీ ఫొటోలో అది అంచుకు పోయింది. మొత్తానికి ఈ స్కోరూ గీరూ కంటే ఆయన కన్ను ముందు పనిచేసింది.

డా_ఎముకలు | జూన్ 27, రాత్రి 11:30

టెరిపారటైడ్ కొత్త ఎముకను కట్టే రకం మందు. మామూలుగా రెండేళ్ళకు మించి వాడరు. ఆపాక వెంటనే ఇంకో మందుతో పట్టు నిలబెట్టాలి, లేకపోతే కట్టింది కరిగిపోతుంది. ఇది అడిగి రాయించుకోండి. మజ్జ క్యాన్సర్ లేదని ముందే తేలడం కూడా మంచిదైంది, అలాంటివాళ్ళకు ఇది ఇవ్వరు.

హిమోగ్లోబిన్ సరయ్యాక ఎప్పుడైనా అదే మెషీన్‌లో మళ్ళీ ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే వీబీక్యూ కొలిపించి ఇక్కడ పెట్టండి. పెరుగుతుందని నా అంచనా. పెరిగితే ఎముక చెడిందని కంగారుపడకండి.

భానుఅక్క_చిత్తూరు | జూన్ 28, ఉదయం 7:00

నేనూ ఆ సూదే వేసుకున్నాను నాయనా. సూది నొప్పేం కాదు, దోమ కుట్టినట్టుంటుంది. మొదటి వారం వేసుకోగానే లేస్తే తల తిరుగుతుంది, మంచం మీద కూర్చుని వేయించు.

పాకాల_ప్రసాద్ | జూన్ 28, ఉదయం 7:25

అక్కా, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలంట, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. మా పల్లెలో మధ్యాహ్నాలు కరెంటు రెండు మూడు గంటలు పోతోంది. తిరుపతి నుంచి బస్సులో తేవాలన్నా గంటన్నర. ఎట్లా తెచ్చుకునేవాళ్ళు మీరు?

భానుఅక్క_చిత్తూరు | జూన్ 28, ఉదయం 7:40

మందులషాపులోనే థర్మాకోల్ డబ్బా, ఐసు ప్యాకు ఇస్తారు, అడిగి తీసుకో. పెన్ను ఐసుకు ఆనకుండా మధ్యలో గుడ్డ పెట్టు, గడ్డకడితే ఇంక పనికిరాదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, డీప్ ఫ్రీజర్ కింద అసలొద్దు, మధ్య అరలో పెట్టు. కరెంటు పోయినప్పుడు తలుపు తియ్యకుంటే రెండు మూడు గంటలు చల్లగానే ఉంటుంది. మావాడు పక్కనే ఒక చిన్న థర్మామీటరు పెట్టాడు.

పాలు ఉంచుతోందా అమ్మ?

పాకాల_ప్రసాద్ | జూన్ 28, ఉదయం 7:52

నిన్న లీటరు ఉంచింది. పెరుగు తోడేసి నాకు పెట్టింది. ఈరోజు నుంచి ఆమె ముందు కూర్చుని తాగిస్తాను.